ఆపుకోగలిగినంత సేపు

"కాసేపు ఆపుకోలేవా?" అని ఎవరైనా అడిగితే నేను చెప్పాల్సిన నిజమైన జవాబు "ఆపుకోగలను" అనే. నాకు టూరెట్ సిండ్రోమ్ ఉందని తెలిసినవాళ్ళలో చాలామంది సానుభూతి సరిగ్గా ఆ జవాబు దగ్గరే అయిపోతుంది. అస్సలు నా చేతుల్లో లేదని అంటే జబ్బనుకునేవాళ్ళు. కాసేపు ఆపుకోగలనన్నాను కాబట్టి అలవాటంటారు, పెంకితనమంటారు, మనసు గట్టిచేసుకుంటే అదే పోతుందంటారు. నా చిన్నప్పటి నుంచీ నన్ను వెంటాడిన మాటలన్నిటికీ మూలం ఈ ఒక్క చిక్కులోనే ఉంది.

నా తల ఉన్నట్టుండి కుడివైపుకి తిరుగుతుంది, కొన్నిసార్లు వరసగా రెండు మూడుసార్లు. కుడికన్ను గట్టిగా మూసుకుంటుంది. గొంతు సవరించుకున్నట్టు చిన్న శబ్దం వస్తుంది. డిగ్రీ చదివే రోజుల్లో భుజం ఎగరేయడం ఉండేది, అది తనంత తానే వెళ్ళిపోయింది. డాక్టర్లు వీటిని టిక్స్ అంటారు. కదలికలకి సంబంధించినవి కనీసం రెండు, నోటి నుంచో గొంతు నుంచో వచ్చే శబ్దం కనీసం ఒకటి ఉండి, 18 ఏళ్ళ లోపు మొదలై, ఏడాది దాటి కొనసాగితే టూరెట్ అని పేరు పెడతారు. చాలామందిలో ఐదారేళ్ళ వయసులో కళ్ళార్పడంతో మొదలై, 10-12 ఏళ్ళ మధ్య బాగా ఎక్కువై, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. కొందరికి ఉండిపోతుంది. నాకు ఉండిపోయింది.

తల తిరగడానికి ముందు ఏం జరుగుతుందో చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. మెడకి కుడిపక్క, చెవి కింద, ఒక బిగువు మొదలవుతుంది. నొప్పి కాదు, దురద కాదు. ఏదో పూర్తికాకుండా మిగిలిపోయిందన్న బాధ అది. తల తిప్పితే పోతుంది. పోయి, మళ్ళీ వస్తుంది. డాక్టర్లు దీన్ని ప్రీమానిటరీ అర్జ్ అంటారు. చిన్నపిల్లలకి ఇది ఉన్న సంగతే తెలియదు. పదేళ్ళు దాటేసరికి చాలామంది గుర్తుపట్టడం మొదలుపెడతారు. మెదడు లోపలి పొరల్లో బేసల్ గాంగ్లియా అనే భాగాలున్నాయి. ఏ కదలికను సాగనివ్వాలి, దేన్ని అడ్డుకోవాలి అన్నది చాలావరకు వాటి పని. వాటికీ పైమెదడుకీ మధ్య నడిచే మార్గాల్లో ఆ అదుపు సడలినప్పుడు, అడగని కదలికలు బయటికొస్తాయి. కాబట్టి తల తిప్పింది నేనే, కానీ ఆ పని నా ఇష్టంతో మొదలైంది కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడమే జనానికి మింగుడుపడదు.

ఆపుకోవడం ఎలా ఉంటుందో తెలియాలంటే ఈ పేరా పూర్తయ్యేదాకా కళ్ళార్పకుండా చదవండి. మొదటి వాక్యం బాగానే వెళుతుంది. రెండో వాక్యానికి కళ్ళు మండుతాయి. మూడో వాక్యానికి వచ్చేసరికి మీరు చదువుతున్నది వ్యాసాన్ని కాదు, మీ కళ్ళని. నేను ఏం రాశానో మీ బుర్రకెక్కదు. చివరికి కళ్ళార్పుతారు. ఎంతో గట్టి మనసున్నవాళ్ళు కూడా ఆర్పుతారు. సమావేశంలో నేను తల తిప్పకుండా కూర్చున్నానంటే, మేనేజరుగారు చెప్పినదాంట్లో సగం నేను వినలేదని అర్థం. బళ్ళో పాఠాలు కూడా నాకు అలాగే పోయాయి. "కదలకుండా కూర్చుని విను" అని మా టీచర్లు అనేవాళ్ళు. ఆ రెండిట్లో ఒక్కటే నాకు వీలయ్యేది.

మా ఇంట్లో మొదట కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. చుక్కల మందు ఇచ్చారు, కళ్ళజోడు కూడా పెట్టారు. గొంతు శబ్దం మొదలయ్యాక చెవి ముక్కు గొంతు డాక్టరు, ఆ తర్వాత దగ్గు మందులు. తర్వాత్తర్వాత నాకు పరిచయమైన టూరెట్ ఉన్నవాళ్ళలో చాలామంది ఈ రెండు గుమ్మాలూ ఎక్కి దిగినవాళ్ళే. మధ్యలో అమ్మమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. తాయెత్తు వల్ల టిక్స్ తగ్గలేదు గానీ, నా తప్పేం లేదని నమ్మిన మొదటి మనిషి మా అమ్మమ్మే. ఏదో గాలి సోకింది, పిల్లని ఏమీ అనొద్దు అని ఇల్లంతా కట్టడి చేసేది. కారణం తప్పే, కానీ నాతో ఎలా ఉండాలన్నది ఆవిడకి సరిగ్గా తెలుసు. అసలు పేరు విశాఖపట్నంలో ఒక న్యూరాలజిస్టు చెప్పారు. అప్పటికి నేను తొమ్మిదో తరగతి. ఆయన చీటీ మీద ఇంగ్లిషులో ఆ పేరు రాసిచ్చాక, ఊరికి తిరిగొచ్చే రైల్లో అమ్మ దాన్ని ఎన్నోసార్లు తీసి చదువుకోవడం చూశాను.

ఆ పేరున్న మనిషి ఒక ఫ్రెంచి వైద్యుడు, జార్జ్ జీల్ ద లా టూరెట్. పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆస్పత్రిలో నరాల వైద్యుడు షార్కోకి శిష్యుడు. 1885లో ఆయన తొమ్మిదిమంది రోగుల గురించి రాసిన వ్యాసం వల్ల ఈ జబ్బుకి గుర్తింపు వచ్చింది. ఆ తొమ్మిదిమందిలో ఒకామెను ఆయన పరీక్షించలేదు. ఆమె మార్కీజ్ ద దాంపియేర్ అనే ప్రభువంశీకురాలు. 60 ఏళ్ళ ముందే, 1825లో, ఇటార్ అనే వైద్యుడు ఆమె గురించి రాశాడు. ఏడేళ్ళప్పుడు చేతులు ఎగరడంతో మొదలై, తర్వాత అరుపులు, ఆ తర్వాత నలుగురిలో అనకూడని మాటలు. ఆమె జీవితంలో ఎక్కువ భాగం మనుషులకి దూరంగా గడిచిపోయింది. ఆమె కథ ఎంతగా ప్రచారమైందంటే, టూరెట్ అనగానే బూతులు మాట్లాడే జబ్బు అనే ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ లక్షణం పదిమందిలో ఒకరికో ఇద్దరికో మాత్రమే ఉంటుంది. ఉన్నవాళ్ళ పరిస్థితి మిగతా అందరికంటే కష్టం. నోట్లోంచి వచ్చే మాట వాళ్ళ మనసులోది కాదు. అనకూడదని ఎంత గట్టిగా అనుకుంటే ఆ మాటే అంత బలంగా తోసుకొస్తుంది. "మాకు అది లేదులెండి" అని చెప్పుకుని వాళ్ళ నుంచి పక్కకి జరగడం నాకిష్టం లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ఇది మనసులో అణచిపెట్టుకున్న కోపం వల్ల వస్తుందని, పెంపకంలో లోపమని చెప్పినవాళ్ళు ఉన్నారు. అమెరికాలో ఆర్థర్ షపీరో, ఎలెయిన్ షపీరో దంపతులు 1968లో హాలోపెరిడాల్ అనే మందుతో టిక్స్ తగ్గాయని ప్రచురించి, ఇది మెదడు పనితీరుకి సంబంధించినదని గట్టిగా వాదించారు. ఈ జబ్బు చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే, ఎందుకంటే దాని వల్ల తల్లుల మీద పడ్డ నింద తొలగింది. ఆ మందు నేనూ వాడాను. టిక్స్ తగ్గాయి, దాంతోపాటు ఇంటర్ మొదటి సంవత్సరమంతా మగతలో గడిచింది. ఇప్పుడు ముందుగా అంతకంటే తేలికైనవి ఇస్తున్నారు, ఇబ్బంది లేనివాళ్ళకి ఏమీ ఇవ్వడం లేదు కూడా.

ఇక నా పెళ్ళిచూపుల సంగతి. "ఆ కాసేపూ ఓర్చుకో అమ్మడూ, వాళ్ళు వెళ్ళాక నీ ఇష్టం" అంది అమ్మ. ఓర్చుకున్నాను. కాఫీ కప్పులు అందించడం, అబ్బాయి పెద్దమ్మగారు వంటా సంగీతం గురించి అడిగినవాటికి జవాబు చెప్పడం, అన్నీ మెడ బిగబట్టుకునే చేశాను. పళ్ళెం పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. ఆ పెద్దమ్మగారి మొహం ఇప్పుడు ఎంత గుర్తుచేసుకున్నా గుర్తురాదు. వాళ్ళ కారు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, పెరట్లోకి వెళ్ళి, నూతి గోడ పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపు తిప్పానో తల. టిక్స్‌ని కాసేపు ఆపుకుంటే ఆ తర్వాత మామూలు కంటే ఎక్కువగా రావని పరిశోధకులు కొన్ని ప్రయోగాల్లో చూశారు. ఆ ప్రయోగాల గదుల్లో పెళ్ళిచూపులు జరగవు. మర్నాటికి నా మెడ పట్టేసింది.

నేను లోపలికొచ్చేసరికి ఇంట్లో అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. "చూశావా, తల్చుకుంటే ఎంత బుద్ధిగా కూర్చున్నావో!" అంది పిన్ని. ఆవిడ మాటలో ప్రేమ తప్ప ఇంకేం లేదు. కానీ అంతకుముందు నన్ను నమ్మినవాళ్ళు కూడా ఆ రోజు నుంచి నమ్మడం మానేశారు. నా కష్టానికి నేను చూపించగలిగిన అతి పెద్ద రుజువు ఆ అరగంట. అదే నాకు ఎదురు సాక్ష్యమైంది. ఆ సంబంధం జాతకాల దగ్గర ఆగిపోయింది. తర్వాత ఎవరొచ్చినా కాఫీ ఇవ్వకముందే నేనే చెప్పేస్తానని అమ్మతో అన్నాను, చెప్పేశాను కూడా. ఇద్దరు మర్యాదగా లేచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత వచ్చినాయన ఒక్క ప్రశ్న అడిగాడు: "నొప్పెడుతుందా అండీ?" ఎక్కువగా వస్తే మెడ నొప్పెడుతుందన్నాను. "ఆపుకుంటే?" ఇంకా ఎక్కువ నొప్పెడుతుందన్నాను. "మరైతే ఆపుకోకండి" అన్నాడు. మాకు పెళ్ళైంది.

గోదావరి జిల్లాల్లో ఒక చిన్న ఊరి బ్యాంకు శాఖలో నేను కౌంటరు దగ్గర పనిచేస్తాను. నా తల అడ్డంగా తిరుగుతుంది కదా, మనవాళ్ళకి దాని అర్థం ఒక్కటే. రిటైరైన లెక్కల మాస్టారొకరు ఒకటో తారీకున వచ్చి, "పెన్షన్ పడిందా అమ్మాయ్?" అని అడిగారు. నేను తెరవైపు చూస్తూ ఉండగా తల తిరిగింది, రెండుసార్లు. ఆయన పాస్‌బుక్కు చొక్కా జేబులో పెట్టుకుని వెనుదిరిగారు. "మాస్టారూ, పడిందండీ, రండి" అని పిలిచాను. ఆయన అయోమయంగా చూశారు. అప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాను: నాకు నరాలకి సంబంధించిన ఒక సమస్య ఉందండీ, తల దానంతటదే తిరుగుతుంది, మీరు నా నోటి మాటే చూడండి. ఆయన కాసేపు ఆలోచించి, "అంటే ఆ తల ఊపుడు లెక్కలోకి రాదన్నమాట" అన్నారు. అవునన్నాను. మరుసటి నెల ఆయనకంటే ముందు నిలబడ్డ ఒకావిడ నా తల చూసి డబ్బుల్లేవనుకుని నిట్టూరిస్తే, వెనకనుంచి ఆయనే అందుకున్నారు: "ఆ తల ఊపుడు లెక్కలోకి రాదమ్మా, మాట వినండి." మా ఊళ్ళో ఇప్పుడు నా టూరెట్ గురించి అందరికీ తెలిసింది ఆ వాక్యమే. నేను కష్టపడి తయారుచేసుకున్న వివరణలన్నిటికంటే అది మేలైనది. జాలి చూపించమని అది అడగదు. దేన్ని పట్టించుకోవాలో, దేన్ని వదిలేయాలో చెబుతుంది, అంతే.

నోట్లు లెక్కపెట్టేటప్పుడు నా తల అలా తిరగదు. ఇది కూడా నా మీద నేరమైన సందర్భాలున్నాయి. "డబ్బు దగ్గర బాగానే ఉంటారే" అని ఒక పై అధికారి అన్నారు. న్యూరాలజిస్టు ఆలివర్ శాక్స్ తన 1995 నాటి పుస్తకంలో కెనడా సర్జన్ ఒకాయన గురించి రాశాడు. టూరెట్ బాగా ఉన్న మనిషి, మామూలుగా ఒక్క క్షణం కుదురుగా ఉండడు. ఆపరేషన్ మొదలైతే గంటల తరబడి ఆ ఛాయలే కనిపించవు. అమెరికా ఫుట్‌బాల్ గోల్‌కీపర్ టిమ్ హోవర్డ్ కూడా అంతే, 2014 ప్రపంచకప్‌లో బెల్జియం మీద ఆయన ఆడిన ఆట చూసినవాళ్ళెవరూ మరిచిపోరు. ఇలాంటివి చదివి తల్లిదండ్రులు ధైర్యం తెచ్చుకుంటారు, తెచ్చుకోవాలి. నాకున్న భయమల్లా, ఆ సర్జన్‌ని చూపించి పిల్లవాణ్ణి "మరి ఆయన ఆపుకోవడం లేదా?" అని అడుగుతారేమోనని. ఆయన ఆపుకోవడం లేదు. చేసే పనిలో మనిషి మొత్తం మునిగిపోయినప్పుడు ఆ బిగువు పుట్టదు. ఆపుకునేటప్పుడు అది పుట్టి, క్షణక్షణానికి పెరుగుతూ ఉంటుంది. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. లోపల ఒకటి విశ్రాంతి, రెండోది చాకిరీ.

కొన్నేళ్ళ కిందట ఒక రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, చిన్నోడు కళ్ళు టపటపా ఆర్పుతున్నాడు. ఎండకేమో అనుకున్నాం. ఇవాళ అన్నం తింటూ తల తిప్పాడు." ఇంకేం మాట్లాడలేకపోయాడు. చిన్నప్పుడు వాడి స్నేహితులు ఇంటికొచ్చినప్పుడల్లా "ఆపుకో అక్కా" అని నన్ను బతిమాలింది వాడే. ఫోన్ మరదలు అందుకుని సూటిగానే అడిగింది: "మీ దగ్గర్నుంచి వచ్చిందా వదినా?" కుటుంబాల్లో నడుస్తుంది కాబట్టి మా వైపు నుంచే వచ్చి ఉండొచ్చన్నాను. ఏ ఒక్క జన్యువునో పట్టుకుని ఇదే కారణమని చెప్పలేరు, ఒకే ఇంట్లో ఒకరికి ఎక్కువగా, ఒకరికి కనీకనిపించకుండా, ఇంకొకరికి అస్సలు లేకుండా ఉండొచ్చు. తను ఏడ్చింది. కాసేపటికి తేరుకుని, "ఇప్పుడేం చెయ్యాలి?" అంది. ముందు ఏమీ చెయ్యొద్దు, కళ్ళార్పొద్దని మాత్రం అనొద్దు అన్నాను. ఆ మాట వింటే ఎక్కువవుతాయి, ఎవరైనా టిక్స్ గురించి మాట్లాడితే చాలు వస్తాయి. ఇది రాస్తుంటే నాకూ మామూలు కంటే ఎక్కువగానే వస్తున్నాయి.

వాడికి టిక్స్ ముదిరిన రోజుల్లో సీబిట్ అనే శిక్షణ కొన్ని నెలలు ఇప్పించారు. 2010లో అమెరికాలో 126 మంది పిల్లల మీద దీన్ని పరీక్షించారు. శిక్షణ పొందినవాళ్ళలో సగానికి పైగా చెప్పుకోదగ్గంత మెరుగయ్యారు, ధైర్యం చెప్పి వివరించడంతో సరిపెట్టిన పిల్లల్లో ఐదోవంతు కూడా కాలేదు. మెడలో బిగువు మొదలవుతుండగానే గుర్తుపట్టి, గడ్డం కొంచెం దించి, మెడ కండరాలని మెల్లగా బిగించి, ఊపిరి వదులుతూ, ఆ బిగువు తగ్గేదాకా అలా ఉండడం నేర్పుతారు. ఒక్కో టిక్‌కి ఒక్కోటి. టిక్ వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళు ఏం చేస్తున్నారో కూడా చూసి మారుస్తారు. మొదట నాకు అనుమానంగానే ఉండేది, ఆపుకోవడానికే ఇంకో పేరు పెట్టారేమోనని. పిల్లాడి పక్కన కూర్చుని నేనూ చేసి చూశాక తెలిసింది, ఇందులో పళ్ళు బిగించి భరించడం లేదు, బిగువు దానంతటదే చల్లారుతుంది. నేర్పేవాళ్ళు మన దగ్గర చాలా తక్కువ. వాడికి వారానికోసారి బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో చెప్పారు.

వాడు ఎనిమిదో తరగతిలో ఉండగా టీచరుగారు నన్ను క్లాసుకి పిలిచారు. నేను వెళ్ళడం వాడికి ఇష్టమో కాదో ముందు అడిగాను. తను కూడా పక్కనే నిలబడతానంటేనే వెళ్ళాను. పిల్లలచేత కళ్ళార్పకుండా బోర్డు మీది పద్యం చదివించాను. సగంలోనే గొడవగా నవ్వులు, తర్వాత ఎవరికి వాళ్ళే ఆలోచనలో పడడం. "అంటుకుంటుందా?" అనడిగారు. అంటుకోదన్నాను. "నిద్రలో వస్తాయా?" బాగా తగ్గుతాయి, పూర్తిగా పోవు. రాణీ ముఖర్జీ టీచరుగా వేసిన 'హిచ్‌కీ' సినిమా చూశామని ఇద్దరు చెప్పారు. 2018లో వచ్చిన ఆ సినిమా నా పని సగం చేసిపెట్టింది. చివర్లో ఒకమ్మాయి లేచి, "వాడికి వచ్చినప్పుడు మేం వాడి వైపు చూడాలా, చూడకూడదా?" అంది. ఎన్నో ఏళ్ళుగా వివరిస్తున్నాను, పెద్దవాళ్ళెవరూ ఈ ప్రశ్న వేయలేదు. నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు, చూడకుండా ఉంటే మంచిదని. నేను నోరు తెరిచేలోపే వాడు అన్నాడు: "చూస్తే చూడండి. మాట మాత్రం మధ్యలో ఆపకండి."

స్కాట్లండ్ గాయకుడు లూయిస్ కపాల్డీ 2023లో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం వేదిక మీద టిక్స్ ఎక్కువై పాడలేకపోయాడు. అప్పుడు ఎదురుగా ఉన్న వేలమంది జనం ఆయన పాటని తామే అందుకుని పూర్తిచేశారు. ఆ వీడియో మా మేనల్లుడికి చూపించాను. వాడు పెద్దగా కదిలిపోలేదు. "అంతమంది ఎందుకత్తా, బెంచీలో ఇద్దరు చాలు" అన్నాడు.

వాడు ఇప్పుడు పదో తరగతి. మార్చిలో పరీక్షలు. ఈ ఏడు గొంతు శబ్దం ఎక్కువగా ఉంది, ఒక్కోసారి గట్టిగా కేకలాగా వస్తోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో టూరెట్ పేరు విడిగా లేదు, దీర్ఘకాలిక నాడీ సమస్యలు అన్న తరగతి ఉంది. డాక్టరుగారు దాన్నిబట్టి సర్టిఫికెట్ రాసిచ్చారు. పరీక్ష రాయడానికి వేరే గది ఇమ్మని అడుగుదామని నా పట్టు. అక్కడైతే ఆపుకోనక్కర్లేదు, బుర్రంతా లెక్కల మీదే పెట్టొచ్చు. వాడు ఒప్పుకోవడం లేదు. హాల్‌టికెట్ నంబర్లలో తన ముందూ వెనకా ఉండేది తన క్లాసువాళ్ళేనట, వాళ్ళకి అలవాటేనట, ఒంటరి గదిలో కూర్చోబెడితే ఏదో తప్పుచేసినట్టుంటుందట. ఇన్విజిలేటర్లు వేరే బళ్ళనుంచి వస్తారు కదా, వాళ్ళకేం తెలుస్తుందని నేనంటాను. "ముందే చెప్పు, అదే కదా నువ్వు చేసే పని" అంటాడు. ప్రస్తుతానికి హెడ్‌మాస్టరుగారికి ఇవ్వాల్సిన ఉత్తరం రెండు రకాలుగా రాసిపెట్టాం. వేరే గది అడుగుతూ ఒకటి, అదే హాల్లో గోడపక్క సీటు, ఇన్విజిలేటరుకి రాతపూర్వకంగా ముందస్తు సమాచారం అడుగుతూ ఇంకొకటి. ఏది ఇవ్వాలో సోమవారంలోగా వాడే చెప్పాలి.